నిష్పాక్షికత: రాబర్ట్ ఫిస్క్ నేర్పే పాఠం

విలేఖరికి పక్షం ఉండవచ్చునా? బ్రిటిష్ పాత్రికేయుడు రాబర్ట్ ఫిస్క్ (1946–2020) జీవితం ఈ ప్రశ్నకు ఒక గీటురాయి. 1976 నుండి 'ది టైమ్స్'కు, 1989 నుండి 'ది ఇండిపెండెంట్'కు ఆయన బీరూట్ కేంద్రంగా పశ్చిమాసియా వార్తలు వ్రాశారు.

బానిస వ్యాపారాన్ని గురించి వ్రాసేవాడు ఓడ కెప్టెనుకూ, సంకెళ్ళలోని బందీలకూ సమానంగా చోటు ఇవ్వడు గదా అన్నది ఆయన వాదన. బాధితుల పక్షాన నిలవడమే నిజమైన నిష్పాక్షికత అని ఆయన పదే పదే చెప్పేవారు. ఈ వాదనకు ఆయన కృషే బలమిచ్చింది. 1982 సెప్టెంబరులో సబ్రా, షాతిలా శిబిరాలలో నరమేధం జరిగినప్పుడు, ముందుగా లోపలికి అడుగుపెట్టిన విలేఖరులలో ఆయన ఒకరు. కన్నది కన్నట్లు లోకానికి చెప్పారు. 1988 జూలైలో అమెరికా యుద్ధనౌక ఇరాన్ ప్రయాణీకుల విమానాన్ని కూల్చి 290 మందిని బలిగొన్నది. ఆ వార్తపై తాను పంపిన కథనం విషయంలో విభేదించి ఆయన 'టైమ్స్'ను వదలుకున్నారు.

కాని ఇక్కడొక భేదం గుర్తించాలి. సానుభూతిలో పక్షం ఉండవచ్చు, సాక్ష్యంలో ఉండరాదు. 2018 ఏప్రిల్‌లో సిరియాలోని డూమాలో రసాయన దాడి జరిగిందన్న వార్త వెలువడింది. ఆ పట్టణం ప్రభుత్వ సేనల వశమైన పిదప ఫిస్క్ అక్కడికి వెళ్ళారు. జనం ధూళి వల్ల ఊపిరాడక బాధపడ్డారే గాని విషవాయువు వల్ల కాదని ఒక వైద్యుడు చెప్పగా, దానిని ప్రముఖంగా వ్రాశారు. ఆ వైద్యుడు ప్రత్యక్ష సాక్షి కాడని ఆయనే పేర్కొన్నారు. అయినా కథనం బరువంతా ఆ మాట మీదనే మోపారు. విషరసాయనం ప్రయోగించారని నమ్మడానికి తగిన ఆధారాలున్నాయని రసాయనాయుధ నిషేధ సంస్థ 2019 మార్చిలో తేల్చింది. ఆ పని సిరియా వైమానిక దళానిదేనని నమ్మడానికి ఆధారాలున్నాయని, 43 మంది మరణించారని 2023 జనవరిలో ప్రకటించింది.

పాశ్చాత్య ప్రభుత్వాల మాటలను శంకించడానికి ఫిస్క్‌కు కారణాలు లేకపోలేదు. 2003లో ఇరాక్‌పై యుద్ధానికి చూపిన సాకు అబద్ధమని తేలిపోయింది. అయితే ఒకరి అబద్ధం మరొకరి నిర్దోషిత్వానికి రుజువు కాజాలదు. డూమాలో మరణించినవారూ బాధితులే. ఆయన పెట్టిన కొలత ప్రకారమే వారికి ఆయన బాకీపడ్డారు.

షాతిలా కథనానికి ఆయనను మెచ్చుకునే పాఠకులు డూమా కథనాన్ని దాటవేయడం న్యాయం కాదు. ఇష్టుడైన సాక్షిని కూడ అదే త్రాసులో తూచినప్పుడే అతని సత్యవాక్కుకు విలువ నిలుస్తుంది.