ఊరూపేరూ లేని మట్టికి అగ్నిపరీక్ష

రహమత్ నగర్‌లో సెల్లార్ తవ్వితే ముందు మొరం, తర్వాత బండ. మధ్యలో అక్కడక్కడా, గ్రానైటు పుచ్చి మెత్తబడిన చోట, వేళ్లకు అంటుకునే జిగట మట్టి తగులుతుంది. లారీవాడికి అది చెత్త. మట్టి పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం సంచి నింపుకుని జూబ్లీహిల్స్‌లో ఏదో స్టూడియో కిల్న్ దగ్గరికి పరిగెడతారు. నా భయమంతా అక్కడే. ఇనుము ఎక్కువున్న ఎర్రమట్టిని స్టోన్‌వేర్ పాత్రల పక్కనే పెట్టి 1200 డిగ్రీలు దాటించారో, బెల్లం పాకంలా కరిగి కిల్న్ షెల్ఫ్‌కు అంటుకుపోతుంది. పక్కవాళ్ల కూజాలూ దాంతోపాటే.

మన కుమ్మరి ఈ పొరపాటు చస్తే చెయ్యడు. కొత్త మట్టి కనబడగానే చిటికెడు తడిపి రెండు వేళ్ల మధ్య నలుపుతాడు, పంటి కింద వేసి ఇసుక ఎంతుందో చూస్తాడు. తాడులా పేని వేలికి చుడతాడు. పగుళ్లిస్తే జిగట చాలదు. ఒక ముసలాయన ఇలా మట్టి చూడటం దగ్గరుండి గమనించాను. కళ్లు మట్టి మీద లేవు, ఎటో చూస్తున్నాడు, పనంతా బొటనవేలిదే. ‘దీంట్లో సున్నం ఉంది బిడ్డా’ అన్నాడు. నిమ్మరసం పిండితే బుసబుసా పొంగింది! ఏ ల్యాబ్ ఇంత తొందరగా చెబుతుంది?

ఆ సున్నపు బెడ్డలతోనే అసలు తంటా. ఆవంలో కాలినప్పుడు అవి పొడిసున్నం అవుతాయి. కుండ చక్కగానే బయటికొస్తుంది. తర్వాత గాలిలో తేమ పీల్చుకుని ఉబ్బి, వారానికో నెలకో పెచ్చు ఊడగొడతాయి. అందుకే కొత్త మట్టితో చేసి చూసే పరీక్ష బిళ్ల కాలిన రోజే తీర్పు చెప్పకూడదు. కొన్నాళ్లు తడిచోట ఉంచి చూడాలి.

బిళ్ల చెయ్యడంలో గొప్ప రహస్యమేమీ లేదు. అరచేతిలో పట్టేంత, పలచగా చేసి, పచ్చిగా ఉండగానే 10 సెంటీమీటర్ల గీత గియ్యాలి. కాలాక 9 మిగిలితే పది శాతం కుంచించినట్టు. మన నల్లరేగడి అయితే ఆరేటప్పుడే నెర్రెలు విచ్చుకుంటుంది. చెంపకు ఆనిస్తే చల్లదనం తగలనంతగా ఆరాకే నిప్పు. బిళ్లను నేరుగా షెల్ఫ్ మీద పెట్టకండి. తెలిసిన మట్టితో చేసి కాల్చిన పాత పళ్లెంలో పెట్టండి. కరిగినా అందులోనే కరుగుతుంది. మొదటిసారి 950 డిగ్రీల దగ్గరే ఆపాలి. అది నిలబడితేనే మరో బిళ్లతో ఇంకాస్త పైకి. 100 దగ్గర లోపలి నీరు ఆవిరవుతుంది, తొందరపెడితే బిళ్ల పేలుతుంది. 573 దగ్గర ఇసుకలోని క్వార్ట్జ్ ఉన్నట్టుండి వ్యాకోచిస్తుంది, అక్కడ కూడా నిదానం. తెలియని మట్టిలో గంధకం ఉండొచ్చు, కాబట్టి గాలి ఆడేచోటే కాల్చాలి, మూత దగ్గర ముక్కు పెట్టకూడదు. పొడి మట్టి దంచేటప్పుడు మాస్కు తప్పదు. ఫ్యాక్టరీల మురుగు చేరే చెరువు మట్టయితే ఎంత బాగా కాలినా అన్నం కుండకు పనికిరాదు.

కుమ్మరి ఆవంలో ముందు పొగ, తర్వాత సెగ, ఆ తర్వాతే మంట. వేడి కొలిచే కోన్లూ మీటర్లూ లేకుండా ఈ మెట్లన్నీ ఎక్కించిన చేతులవి! శాలివాహనుడు మట్టి సైనికులకు ప్రాణం పోశాడని కుమ్మరులు చెప్పుకునే కథ నిజమో కాదో నాకక్కర్లేదు. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో బయటపడ్డ శాతవాహనుల నాటి తెల్లసుద్ద బొమ్మల జడలల్లిక చూస్తే నమ్మబుద్ధేస్తుంది. సిరామిక్ కళాకారుడు పి.ఆర్. దరోజ్ గోడలంత పనులు చేశారు. పుదుచ్చేరిలో సిరామిక్ కళాకారుడు రే మీకర్ అయితే మట్టితో ఇల్లే కట్టి, ఇంటికి ఇల్లునే ఆవంగా చేసి కాల్చాడు! అలాంటి సాహసాల వెనకా ఉండేది ఈ చిన్న బిళ్లల ఓర్పే అని నా గట్టి నమ్మకం.

మరి ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల ఏం చూస్తున్నాం? పల్లెటూరి సెట్ అంటే ఫైబర్ కుండలు, థర్మోకోల్ గురిగెలు. సినిమా కాబట్టి పోనీ అనుకుందాం. బోనాలకు అమ్మే కుండల్లోనూ సగం కాలినవాటికి ఎర్ర రంగు పూసి అంటగడుతున్నారే, అది దగా. వేలితో కొడితే ఖంగుమనదు, బొప్పుమంటుంది. నీళ్లు పోస్తే రంగు చేతికంటుతుంది. స్టూడియోల్లో ప్యాకెట్ మట్టి తప్ప ముట్టనివాళ్లు పెరిగారు. వాళ్లకు మట్టి అంటే లేబుల్ మీద అచ్చయిన డిగ్రీలు. కుమ్మరికి మట్టినిచ్చే చెరువులేమో కబ్జా అయ్యాయి. మిషన్ కాకతీయలో తీసిన పూడిక పొలాలకు పోయింది, మంచిదే, కుమ్మరి వాటా సంగతి అడిగిందెందరు?

స్టూడియోల వాళ్లకు ఒక్క మాట. వర్క్‌షాప్‌కు కుమ్మరిని పిలిచి, సారె తిప్పించి, ఫొటో దిగి పంపకండి. మీ సంచిలోని మట్టి ఆయన చేతిలో పెట్టి అడగండి. ఫీజు మీ టీచర్‌కు ఇచ్చినంతే ఇవ్వండి.