మత్తడి పనితనం

చెరువులో పట్టినంత నీటిని నిలవనిచ్చి, మిగిలినదాన్ని కట్టకు దెబ్బ తగలకుండా కిందికి వదిలే రాతి కట్టడం మత్తడి. కోస్తాలో, దక్షిణ తెలంగాణలో దీన్ని అలుగు అంటారు. రాయలసీమ, నెల్లూరు వైపు కొన్నిచోట్ల కలుజు అంటారు. వేములవాడ, సిరిసిల్ల, కరీంనగర్ ఊళ్లలో మత్తడి అన్న మాటే నడుస్తుంది. వానాకాలంలో "చెరువు మత్తడి దుంకింది" అన్న కబురు ఊళ్లోకి వచ్చిందంటే ఆ ఏడు యాసంగికి కూడా నీళ్లున్నట్టే. కట్టను దారిన పోయేవాళ్లంతా చూస్తారు, తూమును ఆయకట్టు రైతు కనిపెట్టుకుని ఉంటాడు. మత్తడి గుర్తొచ్చేది కుండపోత కురిసిన రాత్రే. అయినా చెరువు పని మొత్తంలో అన్నింటికన్నా కష్టమైనది, అన్నింటికన్నా తెలివి కోరేది మత్తడి పనే. మట్టికట్ట మీదుగా జానెడు నీరు పొర్లితే చాలు, వందేళ్ల కట్ట ఒక్క పూటలో గండి పడుతుంది. ఆ పొర్లు రాకుండా చూసే బాధ్యతంతా మత్తడిదే.

ఈ విద్య తెలంగాణకు ఎప్పుడు వచ్చిందో తేల్చడం కన్నా ఎంత ఎత్తుకు పోయిందో చూడటం మేలు. వేములవాడ చాళుక్యులు ఇక్కడి నుంచే రాజ్యమేలారు. ఆ వంశపు బద్దెగుడు శత్రురాజు భీముణ్ని నీళ్లలో మొసలిని పట్టినట్టు పట్టాడని శాసనం చెబుతుంది. నీటిని ఎరిగిన సీమ కాబట్టే ప్రశస్తికి ఆ పోలిక కుదిరింది. కాకతీయుల నాటికి చెరువు పని రాజధర్మమైపోయింది. గణపతిదేవుడి కాలంలో జగదాళ ముమ్మడి పాకాల చెరువు కట్టించాడు. రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప గుడిని ప్రతిష్ఠించాడు, గుడి పక్కన చెరువూ ఆ కాలపు పనే. గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ బయ్యారంలో ధర్మకీర్తి సముద్రం తవ్వించింది. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా ఈ చెరువులు నిండుతున్నాయి, పొర్లుతున్నాయి, పంట పండిస్తున్నాయి. వాటిని కట్టినవాళ్లకు ఇంతకు మించిన కితాబు ఇంకొకటి అక్కర్లేదు.

కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలను, ఆరు దోషాలను వరసపెట్టి చెబుతుంది. కట్టలో నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం, చెరువు నడుమ మెరక రావడం, నీరు తక్కువై నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం ఆ దోషాలు. చివరిదాన్ని జాగ్రత్తగా చదవాలి. వచ్చే నీటికి, నిలిచే జాగాకు లెక్క కుదరకపోతే చెరువు చెడినట్టేనని ఆ కాలపు పెద్దలు రాయి మీద చెక్కించారు. ఆ లెక్క చూసుకునేది మత్తడి దగ్గరే.

మంచి మత్తడికి మొదటి గుణం చోటు. మట్టికట్ట నడుమ మత్తడి పెట్టడం తెలివితక్కువ పని. కట్ట కొసన, గుట్ట దిగివచ్చి నేలను తాకేచోట, కింద బండ దొరికేచోట పాతవాళ్లు దాన్ని పెట్టారు. దుంకిన నీరు తిరిగి కట్ట మొదలును కోయకుండా దూరంగా పోవాలి. పోయిన నీరు కింది ఊరి చెరువులోకి చేరాలి. గొలుసుకట్టు చెరువులంటే ఇదే. పై చెరువు మత్తడి వాగే కింది చెరువుకు వరద కాలువ. అందుకే ఒక ఊరి మత్తడిని కదిలిస్తే దాని కింద వరసలో ఉన్న చెరువులన్నిటి లెక్కా తప్పుతుంది.

రెండో గుణం పొడవు. ఇక్కడే పాతవాళ్ల పనితనం చూసి చేతులు జోడించాలనిపిస్తుంది. మత్తడి మీద పారే నీటి లోతు అడుగు నుంచి రెండడుగులు అయితే దుంకే నీరు రెండింతలు కాదు, సుమారు రెండు ముప్పావు ఇంతలు దాటుతుంది. వంద అడుగుల మత్తడి మీద రెండడుగుల లోతున పారే వరద రమారమి 850 క్యూసెక్కులు. అదే మత్తడిని యాభై అడుగులకు కుదించితే, అదే వరద పోవడానికి నీరు మూడడుగుల రెండంగుళాల ఎత్తుకు లేవాలి. ఆ అదనపు అడుగు కట్ట మీద మిగిలి ఉంటే చెరువు బతుకుతుంది, లేకపోతే గండే. ఈ సూత్రం పుస్తకాల్లోకి ఎక్కడానికి ఎన్నో వందల ఏళ్ల ముందే మేస్త్రీలు మత్తడిని పొడుగ్గా సాగదీశారు, చోటు చాలనిచోట వంపు తిప్పారు. వంపు తిప్పితే అదే జాగాలో నీటికి ఎక్కువ అంచు దొరుకుతుంది.

ఎంత వరద వస్తుందో ముందుగా అంచనా కట్టే లెక్క తర్వాతి కాలంలో వచ్చింది. మద్రాసు వైపు ఇంజనీర్లు రైవ్స్ సూత్రం వాడారు. హైదరాబాద్ రాజ్యానికి ఇక్కడి వానను, ఇక్కడి నేలను చూసి సొంత సూత్రం కట్టినవాడు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. నిజాంసాగర్ కట్టిన మహానుభావుడు ఆయనే. ఆయన పుట్టిన జులై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినంగా జరుపుకోవడం సరైన పని. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్టను 1852 నాటికి పూర్తిచేసిన కాటన్‌కు ఊరూరా విగ్రహాలున్నాయి. ఉండాల్సిందే. ఆ ఆనకట్ట కూడా ఒక విధంగా పెద్ద మత్తడే. వదులు ఇసుకలో పునాది నిలపడం ఈ దేశపు పాత కట్టడాల నుంచే నేర్చుకున్నామని కాటనే ఒప్పుకున్నాడు. మరి ఆ విద్య నేర్పినవాళ్లకు విగ్రహం మాట అటుంచి, పేరైనా మిగల్లేదు. శాసనాల్లో రాజులు, నాయకులు, దాతలు ఉంటారు. సమ్మెట ఎత్తి రాయి కొట్టిన వడ్డెర ఉండడు.

ఇక రాయి సంగతి. మత్తడికి కావలసిన నల్లరాయి ఈ ప్రాంతపు గుట్టల్లోనే దొరుకుతుంది. పాత పనుల్లో కొన్ని సున్నం లేకుండా ఉత్త పేర్పుతో నిలిచినవి, కొన్ని డంగు సున్నంతో కట్టినవి. సున్నంలో కరక్కాయ రసం, బెల్లం నీళ్లు కలిపేవారని పెద్దలు చెబుతారు. అసలు బలం మాత్రం పేర్పులోనిది. బయటికి కనిపించే రాళ్ల నడుమ నడుమ గోడ లోపలిదాకా దిగే పొడుగు రాళ్లు వేస్తారు. వరద లాగినప్పుడు ముందరి వరస ఊడిరాకుండా పట్టేవి అవే. మత్తడి గోడ మట్టికట్టను కలిసే మూల అన్నింటికన్నా బలహీనమైనది. రాయి, మట్టి వేరువేరుగా కుంగుతాయి కాబట్టి ఆ సందులోనే బుంగ పుడుతుంది. అందుకని అక్కడ రెక్క గోడను కట్ట లోపలికి చాలా దూరం తీసుకుపోయి, చుట్టూ బంకమట్టిని పొరలు పొరలుగా తడిపి దిమ్మిసతో కొట్టేవారు. ఒక పొర సరిగా దిగకుండా రెండోది వేయడం మంచి మేస్త్రీ ఒప్పుకోడు.

నీరు దుంకేచోట ఇంకో యుద్ధం ఉంటుంది. ఎత్తు నుంచి పడే నీరు కింది నేలను గుంత చేస్తుంది, గుంత వెనక్కి పాకి గోడ పునాదిని తింటుంది. దానికి విరుగుడుగా మెట్లు కట్టారు. ప్రతి మెట్టు మీద నీరు కొంత బలం పోగొట్టుకుని, కింద పరిచిన పెద్ద బండల మీదికి వచ్చేసరికి మామూలు వాగై పారుతుంది. కొన్ని మత్తళ్ల మీద జానా బెత్తెడు నిలువు రాళ్లు పాతి ఉంటాయి. వానలు వెనకబట్టాక ఆ రాళ్ల నడుమ మట్టి, పచ్చిక అడ్డం వేసి ఇంకొంచెం నీరు ఆపుకునేవారు. పెద్ద వరద వస్తే ఆ మట్టి దానంతటదే కొట్టుకుపోయేది. గేటు లేకుండా గేటు పని చేయించిన తెలివి ఇది.

మత్తడి గొప్పతనం తెలియాలంటే అది దుంకడం మొదలుపెట్టిన గడియలో చూడాలి. చెరువు అంచుదాకా నిండి, మొదటి నీరు దాటే సమయానికి మంచి మత్తడి ఈ కొస నుంచి ఆ కొసదాకా ఒకేసారి తడుస్తుంది. వంద అడుగుల రాతి అంచులో ఎక్కడా వేలి మందం తేడా లేకపోతేనే అలా జరుగుతుంది. చెడ్డ మత్తడి ఒక మూల ముందు కారుతుంది, ఆ మూలే తర్వాత కోతకు గురవుతుంది. నీరు పెరిగాక మంచి అంచు మీద పలచని, చీలిక లేని పొర ఒకటే పరదాగా వంగి దిగుతుంది. దాని వెనక నాచు పట్టిన రాతి వరసలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు.

వాన లేని రోజుల్లోనూ మత్తడి ఊరి బతుకులో భాగమే. దాని కింది బండల మీద బట్టలు ఉతుకుతారు, గొర్లను కడుగుతారు. మత్తడి దుంకినప్పుడు చేపలు నీటికి ఎదురెక్కుతాయి. పరకలు, జెల్లలు, కొర్రమట్టల కోసం ముదిరాజులు, గంగపుత్రులు వలలతో దిగుతారు. ఊరంతా కట్ట మీదికి చేరుతుంది, కట్ట మైసమ్మకు బోనం, గంగమ్మకు కొబ్బరికాయ తప్పవు. ఈ సంబరం వెనక ఒకప్పుడు నీరటి కాపలా ఉండేది. తూము తెరిచేది, మూసేది, వాన రాత్రి లాంతరు పట్టుకుని కట్ట పొడవునా బుంగలు వెతికేది ఆయనే. ఆ పనికి ఇనాం భూమి ఉండేది. ఆ వ్యవస్థ పోయాక కట్ట మీద రాత్రి తిరిగే మనిషి లేకుండా పోయాడు. వేములవాడలో బతుకమ్మ పండుగకూ ఈ నీటికీ ముడి ఉంది. మిగతా ఊళ్లలో తొమ్మిదో రోజు చేసే సద్దుల బతుకమ్మను ఇక్కడ ఏడో రోజునే జరిపి మూలవాగులో సాగనంపుతారు. ఎగువ చెరువులు నిండి మత్తళ్లు పారిన ఏడు వాగులో బతుకమ్మలు తేలిపోతాయి.

పెద్ద ప్రాజెక్టుల్లోనూ మత్తడి నీతి పనికొస్తుంది. గంభీరావుపేట మండలం నర్మాలలో నిజాం కాలంలో కట్టిన ఎగువ మానేరు కూడవెల్లి, పాల్వంచ వాగుల నీటితో నిండి మత్తడి దుంకుతుంది. దాన్ని తెరవడానికి మనిషి అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, పైఅధికారి ఉత్తరువూ అక్కర్లేదు. 2025 ఆగస్టులో కామారెడ్డి వైపు కురిసిన కుంభవృష్టికి మానేరు ఎంత ఉగ్రంగా వచ్చిందంటే, నర్మాల దగ్గర చిక్కుకున్న రైతులను హెలికాప్టర్‌లో బయటికి తేవాల్సి వచ్చింది. వేములవాడకు దగ్గరలోనే మానేరు, మూలవాగు కలిసేచోట మధ్య మానేరుకు 25 గేట్లు పెట్టారు. 2016 సెప్టెంబరులో, పని పూర్తికాకముందే వచ్చిన వరదకు ఆ మట్టికట్టకు గండి పడింది. ఆదిలాబాద్ సీమలో కడెం సంగతి ఇంకా భయపెట్టేది. 1958లో నీరు పొర్లి కట్ట తెగింది. 2022 జులైలో అనుకున్నదాన్ని మించిన వరద వచ్చినప్పుడు 18 గేట్లలో ఒకటి తెరుచుకోలేదు, కింది ఊళ్లను ఖాళీ చేయించారు. గేట్లతో ఎక్కువ నీరు ఆపుకోవచ్చు, నిజమే. కానీ గేటు మొరాయించిన రాత్రి చూసినవాళ్లకు గేటు లేని మత్తడి విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఇంత పనితనాన్ని ఇప్పుడు పాడుచేస్తున్న తీరు చూస్తే కడుపు రగులుతుంది. తెగిన పాత మత్తడి స్థానంలో కట్టే కొత్తది చాలాచోట్ల ఉత్త సిమెంటు గోడ. పొడవు కుదించి, మెట్లు ఎగ్గొట్టి, కింద బండలు పరవకుండా బిల్లు తీసుకుంటారు. మూడో వానాకాలానికి గోడ కింద గుంత పడుతుంది, నాలుగో ఏడు గోడే ఒరుగుతుంది. దాన్ని మత్తడి అనడం ఆ పేరుకే అవమానం. చేపలు పోకుండా అంచు పొడవునా జాలీ కడతారు, దానికి చెత్తా చెదారం అడ్డుపడి నీరు కట్ట మీదికి లేస్తుంది. ఆయకట్టు వాళ్లు బస్తాలు పేర్చి ఎత్తు పెంచుతారు, చెరువు శిఖంలో సాగు చేసేవాళ్లు, ప్లాట్లు వేసేవాళ్లు రాత్రికి రాత్రి జేసీబీతో అంచు పగలగొడతారు. మత్తడి వాగులో ఇళ్లు లేస్తాయి. 2020 అక్టోబరులో హైదరాబాద్ చెరువులు తెగి కాలనీలు మునిగాయి. 2021 సెప్టెంబరులో సిరిసిల్ల వీధులు వాగులయ్యాయి. వేములవాడ గుడి చెరువులోనూ ఆలయ విస్తరణ పేరుతో కొంతమేర మట్టి నింపారు. రాజన్న గుడి పెరగాలని కోరనివాళ్లు లేరు, కానీ చెరువు తగ్గిన మేర వరద ఎక్కడికి పోవాలో ఎవరైనా లెక్క చూడాలి కదా.

2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని పూనుకుంది. పదుల ఏళ్లుగా పట్టించుకోని చెరువు మళ్లీ మాటల్లోకి వచ్చింది దానితోనే. అయితే పూడికతీతకు దక్కిన శ్రద్ధ రాతి పనికి దక్కలేదు. పూడిక తీస్తే ట్రాక్టర్లు కనిపిస్తాయి, ఫొటోలు వస్తాయి. మత్తడి మూలలో బంకమట్టి సరిగా దిమ్మిస కొట్టారా లేదా అన్నది ఫొటోలో కనపడదు.

చేయాల్సిన పని పెద్ద ఖర్చుది కాదు. ప్రతి ఊరూ మృగశిర కార్తెకు ముందే తమ మత్తడి పొడవును టేపు పెట్టి కొలిచి, పాత రికార్డుతో సరిచూడాలి. జాలీలు, బస్తాలు తీయించాలి, అంచులో జారిన రాళ్లను మళ్లీ పేర్పించాలి, మత్తడి వాగులో ఒక్క ఇల్లు కూడా లేవనివ్వకూడదు. కొత్తగా కట్టాల్సి వస్తే పాత పొడవులో ఒక్క అడుగు కూడా తగ్గనివ్వద్దు, మెట్లు, కింది బండలు లేని పనికి గ్రామసభ సంతకం పెట్టొద్దు. రాతి పేర్పు తెలిసిన వడ్డెర మేస్త్రీలు ఈ జిల్లాల్లో ఇంకా ఉన్నారు. వాళ్లను పిలిచి కూలి కాకుండా మేస్త్రీకి తగిన డబ్బు ఇచ్చి, వాళ్ల చేతనే చేయించండి.