కాదంటే ఔనని అర్థమా?

ఒక కథ తన పాత్రను గురించి పైకి చెప్పినదానితో ఆగిపోకుండా, ఆ పాత్ర మాటల్లోని తడబాటునూ, కారణం లేని కోపాన్నీ, చూపు తిప్పుకున్న క్షణాలనూ ఆధారంగా చేసుకుని, అతడు నిజానికి గే అని, ఆ సంగతి తనకు తానే ఒప్పుకోలేకపోతున్నాడని చెప్పే వ్యాఖ్యాన పద్ధతి సాహిత్యం నుంచి సినిమాకూ, సినిమా నుంచి వీడియో గేమ్‌కూ విస్తరించింది. స్త్రీ పురుషుల మధ్య ఆకర్షణ ఒక్కటే సహజమన్న కట్టుబాటులో ఇమడని జీవితాలన్నిటినీ కలిపి క్వీర్ అని వ్యవహరించడం అలవాటయ్యాక, ఆ జీవితాల జాడలను రచనల్లో వెతికే పనికి క్వీర్ పఠనం అన్న పేరు స్థిరపడింది. పాత్ర దాచుకున్న రహస్యాన్ని బయటపెట్టడం ఆ పఠనంలో ఒక పాయ మాత్రమే. అమెరికన్ విమర్శకురాలు ఈవ్ కొసోఫ్‌స్కీ సెడ్జ్‌విక్ 1985లో వెలువరించిన ‘బిట్వీన్ మెన్’ ఆంగ్ల సాహిత్యంలో మగవాళ్ల మధ్య స్నేహం, పోటీ, మోహం ఎంత దగ్గరగా అల్లుకుని ఉంటాయో చూపగా, 1993లో అలెగ్జాండర్ డోటీ ఇటువంటి పఠనం ప్రేక్షకుడి కోరికలోంచి పుట్టిన కల్పన కాదని, జనరంజక కళల్లో మొదటినుంచీ ఉన్నదాన్ని గుర్తుపట్టడమేనని వాదించాడు.

ఈ పద్ధతి పండితుల గదుల్లో పుట్టినది కాదు. హాలీవుడ్‌లో 1934 నుంచి కచ్చితంగా అమలై 1968 వరకూ కొనసాగిన నిర్మాణ నియమావళి స్వలింగ ప్రేమను తెరమీద చూపడాన్ని నిషేధించినప్పుడు, రచయితలూ దర్శకులూ ఆ మాట చెప్పకుండానే నడకలో, దుస్తుల్లో, ఒక చిన్న విరామంలో దాన్ని సూచించారు. హాల్లో కూర్చున్న గే ప్రేక్షకులు ఆ సూచనలను పట్టుకోవడం నేర్చుకున్నారు. వీటో రూసో 1981లో రాసిన ‘ది సెల్యులాయిడ్ క్లోజెట్’ ఆ చరిత్రనే గ్రంథస్థం చేసింది. నోరు విప్పి చెప్పే వీలు లేని చోట సూచనలను చదవడం బతకడానికి అవసరమైన విద్య అవుతుంది, కాబట్టి ఆ విద్యను ‘లేనిది ఊహించుకోవడం’ అని తేలిగ్గా కొట్టిపారేయడం న్యాయం కాదు. అయితే ప్రతి విద్యకూ ఉన్నట్టే దీనికీ మేలైన సాధన, నాసిరకం సాధన ఉన్నాయి, ఆ రెంటికీ మధ్య తేడా తెలుసుకోవడానికి ‘పర్సోనా 4’ ఆటలోని కాన్జీ తట్సుమి పాత్రకు మించిన ఉదాహరణ దొరకడం కష్టం.

జపాన్‌కు చెందిన అట్లస్ సంస్థ కట్సురా హషినో దర్శకత్వంలో రూపొందించి 2008లో ప్లేస్టేషన్ 2 కోసం విడుదల చేసిన ఈ ఆట ఇనాబా అనే కల్పిత పల్లెటూరి పట్టణంలో జరుగుతుంది. వానపడే అర్ధరాత్రి, ఆపేసి ఉన్న టీవీలో ‘మిడ్‌నైట్ ఛానెల్’ అనే ప్రసారం కనబడుతుందని అక్కడ ఒక పుకారు. ఆ తెరలోపల ఒక లోకం ఉంది, అందులో పడిన మనిషికి తన ‘షాడో’, అంటే తాను ఒప్పుకోని భావాలన్నీ కలిసి రూపుకట్టిన నీడ ఎదురవుతుంది. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త కార్ల్ యుంగ్ వాడిన పదాల నుంచి తీసుకున్న ఈ కల్పన ప్రకారం, ఆ నీడను చూసి ‘నువ్వు నేను కాదు’ అంటే అది రాక్షసిగా మారి మీదపడుతుంది, ‘నువ్వూ నేనే’ అని అంగీకరిస్తే అదే పర్సోనా అనే రక్షక శక్తిగా మారుతుంది. నిరాకరణే ప్రమాదం, అంగీకారమే విముక్తి అన్నది ఈ ఆటకు మూలసూత్రం కాబట్టి, ‘ఒప్పుకోలేకపోతున్న గే’ అన్న వ్యాఖ్యానానికి ఇంతకంటే అనువైన నేల ఉండదు.

కాన్జీ బట్టల దుకాణం నడిపే ఇంటి పిల్లవాడు, తండ్రి లేనివాడు, మొదటి సంవత్సరం హైస్కూలు విద్యార్థి. బైకు ముఠాల రొదకు రాత్రిపూట తల్లికి నిద్ర పట్టడం లేదని ఆ ముఠాను ఒంటరిగా చితకబాదినందుకు రౌడీ అన్న పేరు తెచ్చుకున్నాడు; టీవీ వార్తాకథనంలో ముఖం కప్పి చూపినా ఊరంతా పోల్చుకుంది. ఆ తర్వాత మిడ్‌నైట్ ఛానెల్‌లో కనబడిన అతని నీడ నడుముకు గుడ్డ మాత్రం చుట్టుకుని, ఆవిరి నిండిన స్నానశాలలో, వయ్యారం ఒలకబోసే గొంతుతో, స్త్రీ పురుష భేదాలను దాటిన మహోన్నత ప్రేమను వెతికేవారి కోసం లోపలికి చొచ్చుకుపోతున్నానని రిపోర్టరులా ప్రకటిస్తుంది. జపాన్ టీవీ వినోద కార్యక్రమాల్లో గే వ్యక్తులకు అంటగట్టే మాటతీరుకు ‘ఓనే కొతొబా’ అని పేరు, అంటే అక్కల భాష. 2005 ప్రాంతంలో తోలుదుస్తులు వేసుకుని ‘హార్డ్ గే’ వేషం కట్టిన ఒక హాస్యనటుడు ఆ దేశంలో ఇంటింటికీ తెలిసిపోయాడు. ఆటలోని ఈ సన్నివేశం అటువంటి టీవీ హాస్యాన్నే ఎత్తి తెచ్చి పెట్టిందనడం అతిశయోక్తి కాదు.

కాన్జీ గే అని వాదించేవారిలో ఎక్కువమంది చూపించే సాక్ష్యం ఈ స్నానశాలే, నిజానికి ఉన్న సాక్ష్యాల్లో అన్నిటికంటే బలహీనమైనదీ ఇదే. మిడ్‌నైట్ ఛానెల్ మనిషి మనసును ఉన్నదున్నట్టు చూపించే అద్దం కాదని, చూసేవాళ్లు ఏం చూడాలనుకుంటున్నారో దాన్ని కూడా కలుపుకుని చూపిస్తుందని ఆ ఆటే చివరకు తేల్చి చెబుతుంది, అందువల్ల నడుముగుడ్డలో ఊగిపోయే ఆ ఆకారంలో కాన్జీ భయం ఎంతో ఊరి గుసగుస కూడా అంతే ఉంది. ఆ నీడ రాక్షసిగా మారబోయే ముందు చెప్పే మాటలు ఇంకా స్పష్టంగా ఉంటాయి: కుట్టుపని చేస్తే ఆడపిల్లలు వింతగా చూసి నవ్వారని, బొమ్మలు వేస్తే నీకిది నప్పదన్నారని, మగవాళ్లు అలా అవమానించరు కాబట్టి వాళ్లే నయమని దాని ఆక్రోశం. మగవాడివైతే బలంగా ఉండు అన్న తండ్రి మాట ఒక పక్క, సూదీ దారం పట్టుకుంటే వేళ్లలోంచి పుట్టుకొచ్చే నేర్పు ఒక పక్క, ఈ రెంటి నడుమ నలిగిన పిల్లవాడి బాధ అది. తెలుగు బడుల్లో ‘ఆడంగి’ అని పిలిపించుకుని, ఆ పిలుపు మరోసారి పడకుండా గొంతు బరువు చేసుకున్న పిల్లలకు ఆ బాధ ఎవరూ వివరించనక్కర లేదు. కుట్టుపని ఇష్టం కాబట్టి గే అయి ఉంటాడనే వ్యాఖ్యాత, ఎంత సానుభూతితో ఆ మాట అన్నా, కాన్జీని వెక్కిరించిన ఆ పిల్లల తర్కాన్నే అప్పు తెచ్చుకుంటున్నాడు.

దానికంటే పెద్ద చిక్కు నిరాకరణను రుజువుగా తీసుకోవడంలో ఉంది. పాత్ర ఒప్పుకుంటే గే అని తేలుతుంది, ఒప్పుకోకపోతే దాచుకుంటున్నాడు కాబట్టి మరింత గట్టిగా గే అని తేలుతుంది. ఏ మాట అన్నా ఒకే తీర్పు వెలువడే విచారణలో సాక్ష్యానికి చోటే లేదు. చెప్పని అర్థాన్ని ఏ షరతుల మీద చెప్పవచ్చునన్న ప్రశ్నను మన అలంకారికులు ఎంతో నిశితంగా ఆలోచించారు. తొమ్మిదో శతాబ్దపు కాశ్మీర పండితుడు ఆనందవర్ధనుడు వాచ్యార్థం, అంటే మాట నేరుగా ఇచ్చే అర్థం, వెనక మోగే మరో అర్థాన్ని ధ్వని అన్నాడు; పదకొండో శతాబ్దంలో మమ్మటుడు ఆ అర్థం దేనివల్ల పుడుతుందో విడమరచి చెబుతూ, అంటున్నది ఎవరు, వింటున్నది ఎవరు, ఏ కాకువుతో, అంటే గొంతులోని ఏ విరుపుతో, ఏ సందర్భంలో, ఏ చోట, ఏ వేళ అన్నాడో చూడమన్నాడు. పొద్దుగూకిందన్న మాట దొంగకు ఒక అర్థాన్ని, ప్రియుడి కోసం వేచివున్న స్త్రీకి ఇంకో అర్థాన్ని ఇవ్వడం అలాంటి షరతుల వల్లనే. ధ్వని పాఠకుడి ఇష్టానికి వదిలేసిన అర్థం కాదు, పాత్రనూ సందర్భాన్నీ ఆసరా చేసుకుని నిలబడవలసిన అర్థం. వీడియో గేమ్ వ్యాఖ్యాతకు ఇది పరాయి కొలబద్ద ఏమీ కాదు, ఎందుకంటే ఆటలో రాత ఉంది, నటుల గొంతు ఉంది, సంగీతం ఉంది, ఆటగాడు ఎంచుకోగల జవాబులున్నాయి, ఎంచుకోనివ్వని జవాబులూ ఉన్నాయి.

ఆ కొలబద్దతో చూస్తే స్నానశాల కంటే ముందే, ఎవరూ నవ్వని చోట అసలైన సాక్ష్యం దొరుకుతుంది. ఇనాబాలో జరిగిన హత్యలను పరిశోధించడానికి వచ్చిన నావోటో షిరోగానే అనే యువ డిటెక్టివ్ కాన్జీని కలిసి మాట్లాడి, అతని మీద తనకు ఆసక్తి ఉందని చెప్పి వెళ్లిపోతాడు. కేసు విషయంగా అన్న ఆ మాటను కాన్జీ మరోలా విని, తానూ మగవాడే, వచ్చినవాడూ మగవాడే, మరి ఈ ఆసక్తికి అర్థం ఏమిటని తనలో తాను గొణుక్కుంటూ నిలబడిపోతాడు. ఇక్కడ అతన్ని ఆటపట్టించేవాడు లేడు, అతిశయించి చూపే తెర లేదు, గొంతులో కోపం లేదు, ఉన్నదల్లా గుండె ఒక్కసారి తడబడి, ఆ తడబాటుకు పేరు వెతుక్కుంటున్న పదిహేనేళ్ల కుర్రవాడు. వక్త, శ్రోత, సందర్భం, కాకువు అన్నీ ఒకే దిక్కు చూపిస్తున్న సన్నివేశం ఇది.

నావోటో ఆడపిల్ల అని, పోలీసుల లోకంలో మగవాళ్లు మాత్రమే గౌరవం పొందుతారు కాబట్టి అబ్బాయిలా మెలగుతోందని కథ నెలల తర్వాత బయటపెడుతుంది, కాన్జీ ఊపిరి పీల్చుకుంటాడు, అతని ఆకర్షణ అప్పటినుంచి ఇబ్బంది లేని ప్రేమగా మారిపోతుంది. అతడు గే కాదనడానికి ఎదుటి పక్షం చూపే సాక్ష్యం ఇదే, కానీ తర్వాత తెలిసిన నిజం ముందు కలిగిన అనుభూతిని చెరిపేయలేదు: ఆ తొలి కలయికనాడు కాన్జీ మనసు కదిలింది ఒక అబ్బాయిని చూశాననుకునే. ఆడవాళ్లూ మగవాళ్లూ ఇద్దరిపైనా ఆకర్షణ కలగగల మనిషిని బైసెక్సువల్ అంటారు, ఆ అవకాశాన్ని రెండు పక్షాలూ తలచుకోకుండానే పోట్లాడుకోవడం ఈ చర్చలోని అన్యాయం. అట్లస్ అమెరికా విభాగంలో ఆంగ్ల అనువాదానికి బాధ్యత వహించినవారిలో ఒకరైన యు నాంబా, కాన్జీ విషయంలో అధికారిక జవాబంటూ లేదని, ఆటగాళ్లే ఎవరి జవాబు వారు వెతుక్కోవాలని చెప్పారు. నిర్మాతలు గీత గీయనప్పుడు అతడు గే అని ప్రమాణం చేయడానికి ఎంత హక్కు లేదో, కానే కాడని ప్రమాణం చేయడానికీ అంతే హక్కు లేదు.

ఇదే ఆటలో యోసుకె హనమురా అనే మరో కుర్రవాడి విషయం ఇంకా జటిలం. బడి విడిది యాత్రలో ఒకే గుడారంలో పడుకోవలసి వచ్చినప్పుడు, నీతో ఉంటే మాకు ప్రమాదం లేదుగదా అన్న ధోరణిలో కాన్జీని గుచ్చి గుచ్చి అడిగేవాడు అతడే, ఆ మాటకు రేగిపోయిన కాన్జీ తన మగతనాన్ని నిరూపించుకోవడానికి ఆడపిల్లల గుడారం వైపు పరుగెత్తుతాడు. మరి ఆట ఫైళ్లలో, వాడకుండా వదిలేసిన సంభాషణల్లో, యోసుకె, ఆటగాడు నడిపించే కథానాయకుడికి ప్రేమ తెలియజేసే మాటల రికార్డింగులు దొరికాయి. అంత అతిగా వెక్కిరించేవాడిలోనే దాచుకున్నదేదో ఉందన్న అభిమానుల వ్యాఖ్యానానికి ఇవి బలం చేకూర్చాయన్నది నిజమే, అయినా తుది రూపంలో చోటు దక్కని మాటలు నిర్మాతలు ఒకప్పుడు ఏం ఆలోచించారో చెబుతాయి తప్ప, విడుదలైన కథలోని యోసుకె ఎవరో చెప్పవు. స్వలింగ ప్రేమను ద్వేషించే ప్రతివాడూ లోపల గే అన్న వాడుక సూత్రాన్ని ఇక్కడ అన్వయించడం మరీ పొరపాటు, ఎందుకంటే ఆ సూత్రం వేధించినవాడి నేరాన్ని వేధింపుకు గురైనవాళ్ల ఖాతాలో రాస్తుంది.

2012లో ప్లేస్టేషన్ వీటాకు వచ్చిన ‘పర్సోనా 4 గోల్డెన్’ కొత్త పాత్రలనూ కొత్త ఘట్టాలనూ చేర్చింది గాని, స్నానశాలనూ గుడారాన్నీ అలాగే ఉంచింది, కథానాయకుడు ప్రేమించగలిగేది ఆడపిల్లలనే అన్న హద్దునూ అలాగే ఉంచింది. 2020లో ఆ ఆట పీసీకి రావడంతో వీటా పరికరం ఎన్నడూ చూడని ఎందరో యువతీయువకులు కాన్జీని కొత్తగా కలుసుకున్నారు. అదే ఏడాది ఆంగ్లంలో వచ్చిన ‘పర్సోనా 5 రాయల్’లో, ఒక కుర్రవాడి వెంటపడే ఇద్దరు గే పురుషుల సన్నివేశాన్ని విమర్శల తర్వాత అట్లస్ మార్చి రాసింది కాబట్టి, ఆ సంస్థకు వినే చెవులున్నాయనడానికి దాఖలా ఉంది.

2025 జూన్‌లో ‘పర్సోనా 4 రివైవల్’ పేరుతో ఈ ఆటను మళ్లీ నిర్మిస్తున్నట్టు అట్లస్ ప్రకటించింది. స్నానశాలలోని టీవీ హాస్యాన్ని తగ్గించినా, యోసుకె గుడారపు మాటలను తీసేసినా కథకు నష్టం లేదు, ఆ వెక్కిరింపు లేకుండానే కాన్జీ భయం ఆటగాడికి అందుతుంది. కానీ దిద్దుబాటు పేరుతో, నావోటో వెళ్లిపోయాక తన ప్రశ్నతో కాన్జీ ఒక్కడే నిలబడిపోయిన ఆ కొద్ది క్షణాలను మాత్రం నిర్మాతలు ముట్టుకోకూడదు, ఎందుకంటే ఆ పాత్రలో తమను చూసుకున్న ఆటగాళ్లందరికీ ఆట నిజాయితీగా ఇచ్చిన ఆధారం అదొక్కటే.