ఆకు రాలినంక

అక్టోబరు వచ్చిందంటే అమెరికాలో ఉన్న మన పిల్లలు మేపుల్ చెట్ల ఫొటోలు పంపుతారు. అక్కడ పొద్దు కురచై, చలి ముదిరేసరికి ఆకులోని పచ్చదనం విరిగి పసుపు పైకి తేలుతుంది, ఎరుపు కొత్తగా పుడుతుంది. మన మహబూబాబాద్ జిల్లా గూడూరు అడవి లెక్క వేరు. వానలు పోయి నేల ఆరుతుంటే, ఉన్న తడిని కాపాడుకోవడానికి చెట్టు ఆకు వదిలేస్తుంది. పుష్యం నుంచి ఫాల్గుణం దాకా టేకు, ఇప్ప, మోదుగు ఒక్కొక్కటే బోసిపోతాయి. రంగు ఆ తరవాత వస్తుంది, ఉత్త కొమ్మ మీదికి.

ఆ రంగును ఏళ్ల తరబడి ఫొటో తీస్తున్న స్టూడియో అన్న ఒకాయన ఉన్నాడు. బతుకుతెరువు పెళ్లిళ్లు. పేరు వద్దన్నాడు కాబట్టి పని గురించే చెబుతాను.

నర్సంపేట రోడ్డుకు కాస్త లోపల, పొలం గట్టున ఉన్న ఒకే ఒక్క మోదుగు చెట్టు ఆయన మోడల్. మాఘ మాసపు ముహూర్తాలు, మోదుగు పూత ఒకేసారి వస్తాయి. రాత్రి పెళ్లి ముగించుకుని తెల్లారగట్ల వస్తూ ఆ చెట్టు దగ్గర బండి ఆపుతాడు.

నా ముందున్న ప్రింట్లలో ఒకటి పూగుత్తి. రెక్క చిలుక ముక్కులా వంగి ఉంది. సంస్కృతంలో కింశుకమన్న పేరు అందుకే, 'ఇది చిలుకా?' అని. దాన్ని పట్టుకున్న దొప్ప నల్లటి మఖమలు. ఈ ఫొటోలో నన్ను ఆపేసింది మాత్రం రెక్క అంచున మెరిసే సన్నటి వెండి నూగు. మిట్టమధ్యాహ్నం అది కంటికి ఆనదు. పొద్దుటి వెలుతురును పువ్వు వెనక ఏటవాలుగా ఉంచుకున్నాడు గనకే ఒక్కో వెంట్రుకా విడిగా లెక్కపెట్టేలా ఉంది. వెనక నీలాకాశం పెట్టలేదు. మోకాళ్ల మీద కూర్చుని, దూరాన బోడిగా నిలబడ్డ టేకుల బూడిద రంగును తెచ్చి పెట్టాడు. దాని మీద ఆ నారింజ ఎరుపు నిలబడిన తీరు అద్భుతం.

ఎరుపును కెమెరా సరిగా మోయలేదు. మీటరు బాగుందంటూనే ఉంటుంది, లోపల ఎరుపు ఛానెల్ మాత్రం నిండి పొర్లిపోతుంది. రెక్క మీది గీతలు పోతాయి. ఈయన వెలుతురును కావాలనే రెండు మెట్లు తక్కువకు దించుతాడు, స్టాపులో మూడో వంతు చొప్పున. ఎక్కడ నేర్చుకున్నావన్నా అంటే, "పెండ్లిపిల్ల పట్టుచీర కాడ. రంగు ఎక్కువ పెడితే చీర ఉండది, ఉత్త మచ్చనే ఉంటది" అన్నాడు. వైట్ బ్యాలెన్సు కూడా ఎండకే కట్టేస్తాడు. ఆటోలో వదిలితే కెమెరా తెల్లవారి పసుపును తప్పనుకుని కడిగేస్తుంది.

భీమునిపాదం జలపాతం ప్రింటు నాకంతగా పట్టలేదు. షట్టరు మరీ నిదానం చేయడంతో నీళ్లు పాలైపోయాయి, ధారలో బలం పోయింది. టేకాకు ప్రింటు మాత్రం ఇంట్లో పెట్టుకోవాలనిపించింది. పురుగు కండంతా తినేసి ఈనెలు మిగిల్చిన ఆకు, నేల మీద జల్లెడలా. ఆ కన్నాల్లోంచి జారిన ఎండ మట్టి మీద ఇంకో ఆకును గీసింది.

చివరి ప్రింటు చైత్రంలోది. చెట్టు కింద రాలిన పువ్వులు తుప్పు రంగుకు తిరిగాయి. పైన, పూగుత్తి తీసిన ఆ కొమ్మకే, మూడు చిన్నాకులు నూగుతో విచ్చుకుంటున్నాయి.