తెడ్డు

ఎనుమాముల వ్యవసాయ మార్కెట్టులో గింజకు నీరు శత్రువు. మక్కల రాశిలో చేయి దూర్చి చూచు వ్యాపారియు, తేమ యంత్రములో గుప్పెడు గింజలు పోసి అంకె చదువు ఉద్యోగియు 14 శాతమునకు మించిన తడిని దోషముగానే యెంచుదురు. మబ్బు కనబడినంతనే రైతు టార్పాలిన్ కొరకు పరుగెత్తును. అయినను ఇంత శ్రమపడి ఎండబెట్టిన గింజ, మనుష్యుని ఆకలి తీర్చుటకు తుదకు మరల నీటినే ఆశ్రయింపవలెను గదా! ఆ పునస్సమాగమమును సక్రమముగా జరిపించు సాధనమును గూర్చియే ఈ వారము నా ముచ్చట.

మా నాయనమ్మ అంబలి కాచు కుండ ప్రక్కన ఒక కొయ్య తెడ్డు ఉండెడిది. ఏండ్ల తరబడి కుండ అడుగును ఒరసి ఒరసి, దాని కొన ఒకవైపు ఏటవాలుగా అరిగి, కుండ వంపునకు సరిగా అమరునట్లు తయారయ్యెను. ఆమె జొన్నపిండిని మొదట చన్నీటిలో జారుగా కలిపి, ఎసరు మసలునప్పుడు సన్నని ధారగా పోయుచు, ఎడతెగక త్రిప్పుచుండెడిది. బాల్యచాపల్యముతో నేనొకనాడు పొడిపిండినే మసలు నీట కుమ్మరింపగా రేగుపండ్లంత ఉండలు తేలినవి. ఒకదానిని చిదిపి చూచితిని: పైన జిగురుపొర, లోపల పొడి.

“పిండికి నీళ్లు తాపాలె బిడ్డా, ముంచద్దు” అని మాత్రమే ఆమె అనెను.

ఆ ఉండలోని శాస్త్రము చాల ఏండ్లకు, బీరు తయారీని గూర్చి చదువునప్పుడు నాకు బోధపడెను. మొలకెత్తించి, ఎండబెట్టి, పగులగొట్టిన యవలను వేడినీటితో కలిపి, సుమారు 65 డిగ్రీల సెల్సియస్ వేడిమిలో గంటసేపు నిలుపుదురు. గింజలోని ఎంజైములు ఆ వ్యవధిలో పిండిపదార్థమును చక్కెరగా మార్చును. వేడిమి మిక్కిలి హెచ్చినచో ఎంజైములు నశించును. ఉండ కట్టినచో లోపలి పిండికి నీరే అందదు, చక్కెరయు పుట్టదు. ఈ చిక్కును తీర్చుటకే 19వ శతాబ్దమున బ్రిటనులో స్టీల్ మాషర్ అను యంత్రము వెలసెను. అడ్డముగా అమర్చిన గొట్టములో మరయు చువ్వలును తిరుగుచు, రాలివచ్చు నూకను వేడినీటితో మేళవించి, చిక్కని జావవలె తొట్టిలోనికి దించును. రాగులను మొలకెత్తించి, విసరి, బిడ్డలకు మాల్టు కాచు తల్లులకును తోడ్పడునవి అట్టి ఎంజైములే.

సంగారెడ్డి ప్రాంతపు బీరు కర్మాగారములలోని తొట్టికిని, మా నాయనమ్మ కుండకును ధర్మ మొక్కటియే: ప్రతి రేణువును తడియవలెను, ఏదియు మునిగి ఊపిరాడక పోరాదు. ఆమె తెడ్డు ఇప్పటికిని నా యింట గలదు. ఏటవాలుగా అరిగిన ఆ కొనను వ్రేలితో తడిమినప్పుడెల్ల, తరిగిపోయిన ఆ కాస్త కొయ్యయు అంబలితోబాటు మా కడుపులలోనికే చేరినదని తోచును.