‘థోల్’ అను స్కాట్ మాట: ఒక పరిశీలనము

నిఘంటువులలో కొన్ని పదముల ప్రక్కన ‘మాండలికము’ అను గుర్తు కనబడును. దానిని చూచినంతనే అవి ప్రమాణభాషనుండి జాఱి చెడిపోయిన రూపములని పలువురు తలంతురు. ఈ తలంపు ఎంతవఱకు నిలుచునో పరీక్షించుటకు స్కాట్లండు దేశపు ‘థోల్’ అను క్రియ తగిన ఉదాహరణము.

‘థోల్’ అనగా తప్పింపరాని బాధను ఓర్చుకొనుట. మన భాషలో దీనికి మిక్కిలి దగ్గఱగా వచ్చు మాట ‘తాళు’. అయితే ధ్వనియు అర్థమును కలిసినవిగదా యని ఈ రెండును ఒక్కటేయని భ్రమపడరాదు. ‘తాళు’ ద్రావిడపదము, కన్నడమున ‘తాళ్మె’ యనియు తెలుగున ‘తాళిమి’ యనియు దాని పరివారము కలదు. ‘థోల్’ ఇండో-యూరోపియను కుటుంబములోనిది. సహనార్థకమగు లాటిను ‘తొలెరారె’యు, తక్కెడను చెప్పు సంస్కృత ‘తులా’ శబ్దమును దీని దాయాదులు. ఎత్తుట, మోయుట అనునవి వాని మూలధాతువున కర్థములు. కావున పోలిక గల ‘తాళు’ పరాయిది. పోలిక తోఁపని ‘తుల’ చుట్టము. పదచరిత్రలో చెవి సాక్ష్యమొక్కటియే చాలదు.

ప్రాచీనాంగ్లమున దీని రూపము ‘థోలియన్’. కాలక్రమమున ప్రమాణాంగ్లము ఈ క్రియను విడిచి, ఫ్రెంచి మార్గమున వచ్చిన ‘సఫర్’, ‘ఎండ్యూర్’ అను మాటలను చేపట్టెను. ఉత్తర ఇంగ్లండును స్కాట్లండును పాతమాటను నిలుపుకొనెను. ఇచట మాండలికము చెడలేదు, ప్రమాణభాషయే మఱచినది.

రాబర్ట్ బర్న్స్ 1785లో, నాగలి తగిలి గూడు చెదరిన చిట్టెలుకనుగూర్చి రచించిన ఖండికలో, అది చలికాలపు మంచువానను తాళవలసిన దుస్థితిని ఈ మాటతోనే చెప్పెను. స్కాట్లండు న్యాయశాస్త్రమునను దీనికి స్థానము కలదు. ఒకమారు విచారణను ‘తాళిన’ వానిని అదే నేరమునకు మరల విచారింపరాదను నియమమును ఈ క్రియతోనే వ్యవహరింతురు. 2011 నాటి శాసనము దానికి కొన్ని మినహాయింపులను కల్పించినది. ఎలుక బొఱియనుండి న్యాయసభవఱకు చెల్లిన మాటను గ్రామ్యమని త్రోసివేయుటెట్లు?

17వ శతాబ్ది ఆరంభమున స్కాట్లండునుండి ఐర్లండులోని అల్‌స్టర్ సీమకు వలసపోయినవారితో ఈ మాటయు పోయెను. క్రమముగా అచటి స్థానికుల నోటను కుదురుకొనెను. ఆ సీమలో 1939లో జన్మించిన షేమస్ హీనీ కవి, ‘బేవుల్ఫ్’ అను ప్రాచీనాంగ్ల కావ్యమును చదువునపుడు ‘థోలియన్’ను చూచి, అది తన ఇంటి పెద్దలు పలికిన మాటయేయని గుర్తించెను. 1999లో ప్రకటించిన తన అనువాదపు పీఠికలో ఈ సంగతి చెప్పి, గ్రంథారంభముననే ఆ మాటను ప్రయోగించెను.

అయితే ఆ తావున మూలములో నున్నది ‘థోలియన్’ కాదు. ‘డ్రేయొగన్’ అను వేఱొక క్రియ. దాని సంతతియగు ‘డ్రీ’ కూడ స్కాట్ భాషలో కలదు. మాటకు మాట కోరువారు ఇది లోపమందురు. నేనట్లు తలఁపను. ‘డ్రీ’ నేడు ముఖ్యముగా, విధి వ్రాసినదానిని అనుభవించుట యను నానుడిలోనే మిగిలినది; ‘థోల్’ స్వేచ్ఛగా పలుకఁబడుచున్నది. నాయకుడు లేక చిరకాలము కుమిలిన ప్రజల స్థితిని చెప్పుటకు జీవద్భాషలోని మాటయే తగును. ఎఱుగని పాఠకుడు ఒక్కక్షణము తడబడినను, వెంటనే వచ్చు కష్టవర్ణనము అర్థమును తెలుపును.

ఈ చరిత్ర మనకును పాఠమే. తరతరములుగా తెలుగునాటికి వెలుపల నున్న మన ఇండ్లలోని మాటలన్నియు ప్రాచీనములని గర్వింపనక్కఱలేదు. అన్నియు అపభ్రంశములని సిగ్గుపడనక్కఱయు లేదు. శాసనములతో, పూర్వకావ్యములతో, పొరుగుభాషలతో సరిపోల్చి ఒక్కొక్కదానిని నిర్ణయింపవలెను. ఆ పరీక్షకు ముందే బాలుని పలకపై అవ్వ మాటను ఉపాధ్యాయుడు తుడిచివేసినచో, తరువాత పరీక్షించుటకు మాటయే మిగులదు.