నాలుగు గళ్ళ పలక

అక్టోబరు ఆఖర్లో మబ్బులేని రాత్రి దొరికితే, ఏడున్నర ప్రాంతంలో దక్షిణ అండమాన్‌లోని చిడియా టాపు ఒడ్డున దక్షిణానికి తిరిగి నిలబడండి. చెయ్యి చాపి సముద్రం అంచు మీద పిడికిలి, దానిమీద ఇంకో పిడికిలి పెడితే, ఆ ఎత్తున నలుసంత చుక్క ఒకటి కనిపిస్తుంది. పేరు ఎప్సిలాన్ ఇండై. దూరం 12 కాంతి సంవత్సరాలు, అంటే చుక్కల లెక్కలో పక్క వీధే. (అది ఉన్న నక్షత్రరాశి పేరు ఇండస్. సింధు నది కాదు, ‘ఇండియన్’ మనిషట. ఏ ఊరి ఇండియనో పేరు పెట్టినవాళ్ళు తేల్చలేదు.)

దాని చుట్టూ తిరిగే గ్రహాన్ని జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఫొటో తీసిందని ఎలిజబెత్ మాథ్యూస్ బృందం 2024 జులైలో ‘నేచర్’ పత్రికలో ప్రకటించింది. గురుగ్రహానికి ఆరు రెట్ల బరువు. వేడి మాత్రం 2 డిగ్రీలే, ఫ్రిజ్‌లోని పాలగిన్నెపాటి. అంతకుముందు ఫొటోలకు చిక్కినవి చాలావరకు కొత్తగా పుట్టి ఇంకా కాగుతున్న గ్రహాలు. ఇంత చల్లనిది పరారుణంలో, 10 మైక్రాన్ల చుట్టుపక్కలే బాగా వెలుగుతుంది. ఆ వెలుగు పట్టే, వెబ్‌లోని ‘మీరి’ కెమెరా మైనస్ 266 డిగ్రీల చలిలో పనిచేస్తుంది. లేదంటే దాని ఒంటి వేడే దాని కళ్ళు కప్పేస్తుంది.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఆ కెమెరాలోని జెర్మేనియం పలక. 2000లో పారిస్ అబ్జర్వేటరీకి చెందిన డానియల్ రువాన్ చేసిన ఆలోచన అది. గ్రహం కనిపించాలంటే పక్కనున్న నక్షత్రం మిరుమిట్లు ఆపాలి. లారీ హెడ్‌లైటుకు మనం చెయ్యి అడ్డం పెట్టుకుంటాం. ఈ పలక అలా అడ్డుపడదు. దాని మీద నాలుగు గళ్ళు. ఎదురెదురు మూలల్లో ఉన్న రెండు గళ్ళలోంచి పోయే కాంతి సగం అల వెనకబడుతుంది. నక్షత్రాన్ని నాలుగు గళ్ళూ కలిసే చోట నిలిపితే, ఒక అల ఎత్తు ఇంకో అల పల్లంలో పడి రెండూ చదునైపోతాయి. అంచులకు చెదిరిన వెలుగును వెనకున్న మరో తెర మింగేస్తుంది. పక్కన ఉన్న గ్రహం ఒకే గడిలో పడుతుంది గనక దాని కాంతి క్షేమంగా దాటిపోతుంది. గళ్ళ మధ్య గీత మీద పడిందా, అదీ మసకబారుతుంది. నక్షత్రాన్ని నిలపడంలో పొరపాటు ఆర్క్ సెకనులో సుమారు నూరోవంతు దాటకూడదు.

ఇంతా చేసి చూస్తే, గ్రహంలా కనిపించిన చుక్క అనుకున్న చోట లేదు. వెనకెక్కడో ఉన్న గెలాక్సీ కావచ్చు కదా? చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోపు 2019లో తీసిన పాత డేటా తిరగేశారు. అందులోనూ, నక్షత్రానికి దాదాపు అదే పక్కన, మసగ్గా ఉంది. ఎప్సిలాన్ ఇండై ఆకాశంలో ఏడాదికి 4.7 ఆర్క్ సెకన్లు జరిగే నక్షత్రం. ఆ పాత డేటాకూ వెబ్ ఫొటోకూ మధ్య నాలుగేళ్ళలో నక్షత్రం అంత దూరం జరిగితే, ఆ చుక్కా దాని వెంటే వచ్చింది.